దేవుడి గొంతు, మనిషి పేరు

క్రైస్తవ నవల రాసేవాళ్ళకు మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. కథలో దేవుణ్ణి ఎక్కడ ఉంచాలి? పాత్రల మధ్యకు తెచ్చి మాట్లాడిస్తే ఇక మనుషులు తేల్చుకోవలసిందేమీ మిగలదు. అసలు తేకపోతే ఇది క్రైస్తవ నవల ఎలా అయిందని చదివే విశ్వాసి అడుగుతాడు. ఈ చిక్కును మూడు ప్రసిద్ధ నవలలు మూడు దారుల్లో విప్పుకున్నాయి. ఫ్రాన్సీన్ రివర్స్ 'రిడీమింగ్ లవ్' (1991)లో దేవుడు తరచుగా, ఏ సందేహానికీ చోటివ్వకుండా మాట్లాడతాడు. షుసాకు ఎండో 'సైలెన్స్' (1966)లో పుస్తకం పొడుగునా మౌనంగా ఉండి, చివర్లో మాత్రమే గొంతు విప్పుతాడు. మెరిలిన్ రాబిన్సన్ 'గిలియడ్' (2004)లో ఒక్క మాటా మాట్లాడడు. ఆయన గురించి ఒక ముసలి పాస్టరు తన చిన్న కొడుక్కి ఉత్తరం రాస్తూ ఉంటాడు, అంతే.

ఈ మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టడం చాలామందికి నచ్చకపోవచ్చు. మొదటిది అమెరికా ఎవాంజెలికల్ సంఘాల్లో స్త్రీలు చేతులు మార్చుకుంటూ చదివిన ప్రేమకథ. రెండోది జపాన్ కేథలిక్ రచయిత రాసిన నవల, తనిజాకి బహుమతి పొందింది. మూడోది కాల్విన్ రచనలను ప్రాణంగా చదువుకున్న అమెరికన్ రచయిత్రిది, పులిట్జర్ పొందింది. సాహిత్యాభిమానులు రివర్స్‌ని పట్టించుకోరు. రివర్స్‌ని ఇష్టపడే విశ్వాసుల్లో చాలామందికి ఎండో పేరు ఎత్తితే అనుమానం. ఈ గోడ వల్ల ఇద్దరికీ నష్టమే. విశ్వాస పాఠం కోసం నవల చదవడం తక్కువ రకం చదువు కాదు. బన్యన్ 'యాత్రికుని ప్రయాణం' తెలుగులోకి వచ్చిన నాటి నుంచి మన సంఘాల్లోనూ ఆ అలవాటు ఉంది. అయితే ఆ పాఠం పుస్తకంలో ఎక్కడ దొరుకుతుందన్నది తేల్చుకోవాలంటే, ఒకే సంగతిని భిన్నంగా చెప్పిన పుస్తకాలను పక్కపక్కన పెట్టుకోవడం కన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

రివర్స్ 1970ల నుంచీ మామూలు ప్రేమ నవలలు రాసేవారు. 1986లో ఆవిడ జీవితం మలుపు తిరిగింది, క్రీస్తును నమ్ముకున్నారు. ఆ తరువాత బైబిల్లోని హోషేయ గ్రంథాన్ని తీసుకుని, కథను 1850 నాటి కాలిఫోర్నియా బంగారు గనుల ప్రాంతానికి మార్చి రాసిందే ఈ నవల. మొదట మామూలు ప్రచురణ సంస్థ వేసింది. 1997లో కొన్ని మార్పులతో క్రైస్తవ ప్రచురణ సంస్థ మళ్ళీ వేసింది. ఇప్పుడు అందరూ చదివేది ఆ రెండో రూపమే.

సారా అనే పిల్ల. తండ్రి వద్దనుకున్న బిడ్డ. తల్లి చనిపోయాక ఎనిమిదేళ్ళ వయసులో డ్యూక్ అనేవాడికి అమ్ముడుపోతుంది. వాడు పెట్టిన పేరు ఏంజెల్. పెద్దయ్యాక గనుల ఊళ్ళో వేశ్యాగృహంలో ఉన్న ఆమెను మైకేల్ హోషేయ అనే రైతు వీధిలో చూస్తాడు. ఈమెనే పెళ్ళాడమని దేవుడు అతనికి చెబుతాడు. ఆమె మళ్ళీ మళ్ళీ పారిపోతుంది, అతను మళ్ళీ మళ్ళీ చేరదీస్తాడు.

రివర్స్ చేసిన పెద్ద పని ఏమిటో తెలియాలంటే హోషేయ గ్రంథాన్ని మళ్ళీ తెరవాలి. అక్కడ తన భార్య గోమెరు గురించి ప్రవక్త మాట్లాడతాడు, దేవుడు మాట్లాడతాడు. ఆమె అన్నట్టుగా ఉన్న మాటలు కూడా ఫిర్యాదు చేస్తున్నవాడి నోటి గుండానే మనకు చేరతాయి. ఆమె సొంతంగా నోరు తెరిచిన చోటు లేదు. ఇజ్రాయేలు విశ్వాసద్రోహానికి ఆమె గుర్తు, అంతవరకే. రివర్స్ ఆ గుర్తును మనిషిని చేశారు. గోమెరు ఎందుకు పారిపోతుంది అని అడిగారు. ప్రేమించేవాణ్ణి నమ్మడం కన్నా అలవాటైన నరకంలోకి తిరిగి వెళ్ళడం ఆమెకు ఎందుకు తేలిక అని అడిగారు. దెబ్బతిన్న మనసు దయను చూసి ఎలా భయపడుతుందో చూపించే పేజీలు ఈ నవలలో ఉన్నాయి. వాటిని చదివి ఏడ్చినవాళ్ళను చూసి పెదవి విరిచే హక్కు ఏ విమర్శకుడికీ లేదు. ఇంట్లో, బంధువుల్లో హింసను మోసి, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక కూర్చున్న ఆడవాళ్ళు ఏ సంఘంలోనైనా ఉంటారు. నువ్వు పనికిరానిదానివి కాదు అన్న మాట వాళ్ళకు ఆదివారం ప్రసంగం కన్నా ముందు ఈ కథలో వినిపించి ఉంటే, నవల తన పని చేసినట్టే.

ఇంత చెప్పాక కూడా నాకు పేచీ ఉంది, అది దేవుడి గొంతు దగ్గరే. ఆ గొంతు మొదట వినిపించేది మైకేల్‌కి. ఇక అతను ఏం చేసినా దాని వెనుక పైనుంచి వచ్చిన అనుమతి ఉంటుంది. ఏంజెల్‌ని ఒకడు చావబాది పడేస్తే, ఆమె స్పృహ ఉండీ లేని స్థితిలో పెళ్ళికి ఒప్పుకుంటుంది, అతను ఆ ఒప్పుకోలును చాలనుకుంటాడు. ఆమె అసలు పేరు చెప్పదు కాబట్టి తనకు తోచిన పేర్లు పెడతాడు. ఒకసారి మారా, ఒకసారి అమాండా, ఒకసారి తిర్సా. అన్నీ ప్రేమతోనే. కానీ పేరు పెట్టడమనే పనిని డ్యూక్ ఒకసారి చేశాడన్నది పాఠకురాలు మరిచిపోదు. ఇతను మంచివాడు, వాడు దుర్మార్గుడు అన్న తేడా రచయిత్రి హామీ మీద నిలబడి ఉంది. ఆ హామీ లేని లోకంలో, దేవుడే నాకు చెప్పాడు అంటూ ఒక ఆడపిల్ల బతుకులోకి వచ్చే మగవాడిని ఎలా గుర్తుపట్టాలన్నది ఈ నవల నేర్పదు. సంఘ పెద్ద ఎవరైనా అమ్మాయిలకు ఈ పుస్తకం ఇచ్చేటప్పుడు ఈ సంగతి పక్కన కూర్చోబెట్టి మాట్లాడాలని గట్టిగా అంటాను.

రివర్స్‌కి ఇది లోలోపల తెలుసనే అనుకుంటున్నాను, ఎందుకంటే నవలలో అన్నిటికన్నా బలమైన భాగం మైకేల్ లేని భాగం. చివరిసారి ఏంజెల్ పారిపోయేది పాత బతుకు కోసం కాదు. తనకు పిల్లలు పుట్టరు, తాను పక్కకు తప్పుకుంటే అతను వేరే అమ్మాయితో సంసారం చేసుకుంటాడని వెళ్ళిపోతుంది. ఈసారి అతను వెతుక్కుంటూ రాడు. ఆమె మళ్ళీ డ్యూక్ చేతికి చిక్కుతుంది, బయటపడుతుంది, శాన్ ఫ్రాన్సిస్కోలో తనలాంటి ఆడపిల్లల కోసం ఒక ఇల్లు నడుపుతుంది. దేవుడితో ఆమె సంబంధం అక్కడ ఆమెది అవుతుంది, మధ్యలో భర్త లేడు. మూడేళ్ళ తరువాత తిరిగి వచ్చినప్పుడు ఆమె అతనికి ఇచ్చేది ఒక్కటే, తన అసలు పేరు, సారా. నవలంతా ఇతరులు పెట్టిన పేర్లు మోసిన మనిషి తన పేరు తాను చెప్పుకోవడం గొప్ప ఘట్టం. ఆ ఘట్టం దగ్గర పుస్తకం ఆగి ఉంటే నేను ఇంకా ఎక్కువ మెచ్చుకునేవాణ్ణి. ఆగలేదు. ఆ తరువాత వచ్చే ముగింపు మాటలో గొడ్రాలనుకున్న ఆమెకు పిల్లలు పుడతారు.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పే పద్ధతి తెలిసినవాళ్ళకు ఈ అమరిక కొత్తగా ఉండదు. అప్పుడు ఇలా ఉండేవాణ్ణి, ప్రభువు ముట్టాడు, ఇప్పుడు ఇలా ఉన్నాను, ఆ అప్పు తీరింది, ఆ జబ్బు పోయింది. సాక్ష్యం వినడంలో ఆనందం ఉంది, నిలబడి చెప్పినవాళ్ళ ధైర్యం నిజమైనది. కానీ అప్పు తీరనివాళ్ళు, జబ్బు పోనివాళ్ళు అదే చాప మీద కూర్చుని వింటూ ఉంటారు. వాళ్ళ కోసం కూడా ఒక నవల కావాలి. ఎండో రాసింది అదే.

షుసాకు ఎండో తల్లి కోరిక మీద చిన్నతనంలో బాప్తిస్మం పొందారు. యూరప్ నుంచి వచ్చిన ఆ మతం తన ఒంటికి అమరని సూటులా ఉండేదని, విప్పెయ్యలేక, వేసుకోలేక బతుకంతా దాన్ని తనకు సరిపడేలా తిరగకుట్టుకున్నానని ఆయన చెప్పుకున్నారు. క్షయతో ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో గడిపారు. నాగసాకిలో ఒక ఫుమియె చూశారు. క్రీస్తు బొమ్మ పొదిగిన పలక అది. 17వ శతాబ్దంలో క్రైస్తవులను పట్టుకోవడానికి దాన్ని నేల మీద పెట్టి తొక్కమనేవాళ్ళు. తొక్కినవాళ్ళ కాళ్ళ ముద్రలు దాని మీద నల్లగా మిగిలి ఉన్నాయి. తొక్కకుండా చచ్చిపోయిన అమరుల చరిత్ర పుస్తకాల్లో ఉంది. తొక్కినవాళ్ళ మాట ఎవరు రాస్తారు? ఎండో నవల ఆ ప్రశ్న నుంచి పుట్టింది.

జపాన్‌లో 1614లో క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించారు. 1633లో క్రిస్తోవావ్ ఫెరీరా అనే పేరున్న జెసూట్ గురువు హింసకు తాళలేక విశ్వాసాన్ని వదిలేశాడు. ఇది చరిత్ర. ఆ వార్త నమ్మలేక, తమ గురువును వెతుక్కుంటూ వచ్చే యువ పోర్చుగీసు గురువు సెబాస్తియావ్ రోడ్రిగ్స్ కథ నవల. ఆ పాత్రకు జుసెప్పె కియారా అనే నిజమైన జెసూట్ ఆధారం.

రోడ్రిగ్స్ వీరమరణం ఊహించుకుంటూ వస్తాడు. ఎదురయ్యేది వేరు. మోకిచి, ఇచిజో అనే ఇద్దరు పేద పల్లెటూరివాళ్ళను సముద్రం ఒడ్డున కొయ్యలకు కట్టి, ఆటుపోట్లకు వదిలేస్తారు. చావడానికి రోజులు పడుతుంది. రోడ్రిగ్స్ దాక్కుని చూస్తాడు. సముద్రం ఎప్పటిలాగే ఉంటుంది. ఆకాశం ఏమీ అనదు. దేవుడు ఎందుకు నోరు మెదపడం లేదన్న ప్రశ్న అక్కడ మొదలై ప్రతి అధ్యాయంలోనూ పెరుగుతుంది. చివర చీకటి కొట్లో పడి ఉన్నప్పుడు అతనికి కాపలావాడి గురక వినిపిస్తుంది. క్రీస్తులా బాధపడుతున్నానని తాను అనుకుంటున్న రాత్రి ఆ మొరటు గురక ఏమిటని అతనికి నవ్వు, చిరాకు. ఫెరీరా వచ్చి చెబుతాడు. అది గురక కాదు, గోతిలో తలకిందులుగా వేలాడదీసిన క్రైస్తవుల మూలుగు. వాళ్ళు ఎప్పుడో విశ్వాసం వదిలేశామని చెప్పేశారు. నువ్వు ఫుమియె తొక్కేదాకా వాళ్ళను దించరు. ఆ తెల్లవారుజామున పలక మీది అరిగిన ముఖం అతనితో మాట్లాడుతుంది, తొక్కమంటుంది. అతను తొక్కుతాడు. కోడి కూస్తుంది.

రివర్స్ నవలలోని దేవుడి గొంతుకూ దీనికీ తేడా చూడాలి. అక్కడ గొంతు విన్నవాడికి అధికారం వస్తుంది. ఇక్కడ గొంతు విన్నవాడికి ఉన్నదంతా పోతుంది. గురుత్వం, పరువు, స్వదేశంలో మంచిపేరు, చివరకు తాను క్రైస్తవుణ్ణని చెప్పుకునే హక్కు కూడా. పైగా ఆ గొంతు నిజంగా క్రీస్తుదేనా, అలసిన మెదడు కల్పించుకున్నదా అన్నది నవల తేల్చదు. కోడి కూతతో పేతురును గుర్తు చేసి వదిలేస్తుంది. పేతురు బొంకాడు, ఏడ్చాడు, మళ్ళీ కాపరి అయ్యాడు. రోడ్రిగ్స్‌కి ఆ చివరి మెట్టు దక్కుతుందో లేదో మనమే ఆలోచించుకోవాలి. విశ్వాసాన్ని వదలడం సరైనదే అని ఈ నవల నేర్పుతోందని కోప్పడినవాళ్ళు జపాన్‌లోనే చాలామంది ఉన్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. మోకిచి తొక్కి ప్రాణం దక్కించుకోలేదు, పాట పాడుతూ పోయాడు. అతని చావును వృథా అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. నవల కూడా అనదు. అతని పక్కన కిచిజిరోని నిలబెడుతుంది, అంతే.

కిచిజిరో నాకు ఈ మూడు నవలల్లోనూ మరపురాని మనిషి. పిరికివాడు, తాగుబోతు. కుటుంబమంతా నిప్పుల్లో కాలి పోతుంటే తాను తొక్కి బయటపడ్డాడు. డబ్బుకు రోడ్రిగ్స్‌ని పట్టిచ్చాడు. పట్టిచ్చి మళ్ళీ వచ్చి పాపసంకీర్తనం వినమని కాళ్ళావేళ్ళా పడతాడు. మళ్ళీ తొక్కుతాడు, మళ్ళీ వస్తాడు. హింస లేని కాలంలో పుట్టి ఉంటే నేనూ మంచి క్రైస్తవుడిగానే చచ్చేవాణ్ణి గదా అన్నది అతని మొర. ఆ మొరకు జవాబు చెప్పగలిగే విశ్వాసి ఎవరు? హింస లేని కాలంలో పుట్టి, ఆదివారం తరువాత ఆదివారం గుడికి వెళ్ళి, మనల్ని మనం బలవంతులమనుకుంటున్న వాళ్ళమే గదా మనం. రోడ్రిగ్స్ మొదట అతన్ని చూసి అసహ్యించుకుంటాడు, ఇస్కరియోతు యూదా అనుకుంటాడు. తాను తొక్కాక, గురువునని చెప్పుకునే వీలు లేని స్థితిలో ఉన్నప్పుడు, అదే కిచిజిరో వచ్చి పాపసంకీర్తనం వినమంటాడు. అతను వింటాడు. సంఘం దృష్టిలో భ్రష్టుడైన గురువు, పదేపదే భ్రష్టుడైన విశ్వాసి, వాళ్ళిద్దరి మధ్య క్షమాపణ. ఈ నవల విశ్వాస పాఠం ఆ పేజీల్లో ఉంది. ఫుమియె దగ్గరి గొంతు గురించి చర్చలు ఎక్కువ జరిగి ఈ పేజీలు మరుగున పడ్డాయని నా బాధ.

కథ చెప్పే తీరులో కూడా ఎండో దేవుడి మౌనాన్ని కట్టారు. మొదటి అధ్యాయాల్లో రోడ్రిగ్స్ ఉత్తరాలు, 'నేను' అని రాస్తాడు. తరువాత అతను పట్టుబడే వేళకు కథ 'అతను' అని బయటినుంచి సాగుతుంది. ఆఖరుకి డచ్చి వ్యాపారి గుమాస్తా దినచర్య, ఆపైన క్రైస్తవులను బంధించిన చోట ఒక ఉద్యోగి రాసుకున్న పొడి నమోదులు. మనిషి లోపలి మాట అంచెలంచెలుగా ప్రభుత్వ దస్త్రమైపోతుంది. ఆ దస్త్రంలో అతనికి ఒకడా సాన్‌ఎమోన్ అని జపాన్ పేరు. భార్య కూడా, ఏర్పాటు చేసి ఇచ్చినదే. మళ్ళీ మళ్ళీ విశ్వాసత్యాగ పత్రం రాయించుకుంటారు. కిచిజిరో మెడలో పునీతుల బొమ్మలున్న తాయెత్తు దొరికిందన్న సంగతి కూడా ఒక విచారణ నమోదుగానే వస్తుంది. రివర్స్ చివరి పేజీల్లోని పిల్లల పక్కన ఈ నమోదులు పెట్టి చూడండి. రెండు పుస్తకాలూ తమ మనిషి చివరికి దేవుడి మనిషేనని అంటున్నాయి. ఒకటి దీవెనలు లెక్కపెట్టి చూపిస్తుంది. రెండోదాంట్లో ఆ మాట గుమాస్తా కంటపడకుండా దాక్కుని ఉంటుంది, మనం వెతుక్కోవాలి.

ఒకడా సాన్‌ఎమోన్ అన్న పేరు దగ్గర తెలుగు పాఠకుడు ఇంకొంచెం ఆగవచ్చు. మన దగ్గర సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘంలో ఒక పేరుతో బతికే కుటుంబాలు గుంటూరులో ఉన్నాయి, ప్రకాశంలో ఉన్నాయి, తెలంగాణ జిల్లాల్లోనూ ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులైన దళితులకు ఇప్పటికీ లేదు. వాళ్ళు ఆంధ్రలో బీసీ-సి కిందికి వస్తారు. ఎండో కాలపు హింసకూ దీనికీ పోలిక లేదు, పెట్టకూడదు కూడా. కానీ అధికారి పుస్తకంలో ఒకటి, ప్రార్థనలో ఒకటిగా పేరు రెండు ముక్కలైన మనిషిని చూసి, వీడు నిజమైన విశ్వాసి కాదు అని తేలిగ్గా అనేవాళ్ళు మన మధ్య ఉన్నారు. 'సైలెన్స్' చదివినవాళ్ళు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. 1865లో నాగసాకి ఓఉరా గుడికి వచ్చి తాము కూడా క్రైస్తవులమేనని ఫ్రెంచి గురువుకు చెప్పిన రైతుల పూర్వీకులు రెండు శతాబ్దాలకు పైగా రహస్యంగా విశ్వాసాన్ని నిలుపుకున్నవాళ్ళు, ఏటేటా పలకను తొక్కినవాళ్ళు.

'గిలియడ్'లో హింస లేదు, గోతులు లేవు. 1956, అయోవాలో ఒక చిన్న ఊరు. జాన్ ఏమ్స్‌కి 76 ఏళ్ళు, గుండె జబ్బు. ఏడేళ్ళు నిండని కొడుకు పెద్దయ్యాక చదువుకోవడానికి ఉత్తరం రాస్తున్నాడు. అధ్యాయాలు ఉండవు. జ్ఞాపకం నుంచి ప్రసంగానికి, ప్రసంగం నుంచి కిటికీ బయట సబ్బు బుడగల వెనుక పడుతున్న పిల్లికి మాట మళ్ళుతుంది. కథ కోసం వేగంగా చదివేవాళ్ళకు మొదటి 50 పేజీలు కష్టంగానే ఉంటాయి. ఓపిక పట్టాలి. వాన వెలిసిన ఉదయం ఒక కుర్రాడు సరదాకి కొమ్మ పట్టి ఊపితే, పక్కనున్న అమ్మాయి మీద నీళ్ళు జల్లున పడతాయి, ఇద్దరూ నవ్వుతారు. దాన్ని చూసి ఏమ్స్ నీళ్ళు పుట్టిందే దీవించడానికేమో అనుకుంటాడు. బాప్తిస్మం గురించి నేను విన్న ఏ ప్రసంగమూ నాకు ఇంత చెప్పలేదు. దేవుడు ఈ నవలలో మాట్లాడడని మొదట అన్నాను. మాట్లాడడు కాబట్టే ఏమ్స్ ప్రతిదాన్నీ అంత శ్రద్ధగా చూస్తాడు.

ఏమ్స్ 45 ఏళ్ళ పాటు వారం వారం రాసిన ప్రసంగాలు పెట్టెల్లో అటక మీద ఉన్నాయి. లెక్కేస్తే 2,250 దాకా తేలతాయి. ఇంత దేవుడి మాట చెప్పిన మనిషికి కొరుకుడుపడని మనిషి ఒకడున్నాడు. ప్రాణమిత్రుడు, ప్రెస్బిటీరియన్ పాస్టరు అయిన బౌటన్ కొడుకు జాక్. వయసులో ఉండగా ఒక పేద పిల్లకు బిడ్డను కని, ఇద్దరినీ గాలికి వదిలి వెళ్ళిపోయాడు. ఆ బిడ్డ చిన్నతనంలోనే చచ్చిపోయింది. ఏమ్స్ మొదటి భార్య, బిడ్డ పురుట్లోనే పోయారు. తనకు దక్కనిదాన్ని ఇతను పారేసుకున్నాడన్న కోపం ఆ ముసలాయనలో ఏళ్ళ తరబడి ఆరలేదు. ఇప్పుడు జాక్ తిరిగొచ్చాడు. తాను పోయాక తన పడుచు భార్యకూ కొడుక్కీ ఇతను దగ్గరవుతాడేమోనని ఏమ్స్ భయం. తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో తండ్రి బౌటన్ అయితే, వాకిట్లో నిలబడి లోపలికి రానని మొరాయించిన పెద్దకొడుకు ఏమ్స్. 'రిడీమింగ్ లవ్'లో మైకేల్ బావ పాల్ కూడా అలాంటివాడే. ఏంజెల్‌ని చీదరించుకుంటూనే ఆమె శరీరాన్ని వాడుకున్న నీతిమంతుడు. రివర్స్ పాల్ పాపాన్ని బయటపెట్టి అతనితో క్షమాపణ చెప్పించారు. రాబిన్సన్ ఇంకా కష్టమైన పని చేశారు. కథ చెప్పే గొంతే పెద్దకొడుకుది చేశారు. మనం అతన్ని ప్రేమిస్తూ, అతని మాటలు నమ్ముతూ చదువుతాం. అతని తీర్పు తప్పని మెల్లగా తెలిసేసరికి ఆ తీర్పులో మనమూ పాలుపంచుకుని ఉంటాం.

పేరు సంగతి ఇక్కడ కూడా ఉంది. జాక్ పూర్తి పేరు జాన్ ఏమ్స్ బౌటన్. బిడ్డలు లేని స్నేహితుడికి కానుకగా ఆ పేరు పెట్టాలని బౌటన్ అనుకున్నాడు, బాప్తిస్మం ఇస్తున్న వేళ వరకూ చెప్పలేదు. చేతుల్లో బిడ్డను పట్టుకుని ఆ పేరు విన్న ఏమ్స్ మనసు గడ్డకట్టింది. వీడు నా బిడ్డ కాడు గదా అనుకున్నాడు. ఆ క్షణం బిడ్డకు తెలిసిపోయిందేమో, సంస్కారం సరిగా జరగలేదేమో అని పాస్టరు జీవితమంతా కుములుతూనే ఉన్నాడు. హోషేయ పిల్లలకు లోరూహామా, లోఅమ్మీ అని పేర్లు. జాలి పొందనిది, నా జనం కాదు అని. ఆ పేర్లను దేవుడే తరువాత తిప్పి దీవెన చేశాడు. ఏమ్స్ తన పేరున్నవాణ్ణి మనసులో లోఅమ్మీ అన్నాడు. దాన్ని తిప్పడానికి అతనికి నాలుగు దశాబ్దాలు పట్టింది. చివర ఊరు విడిచి వెళ్తున్న జాక్‌ని బస్సు కోసం ఎదురుచూసే బెంచీ దగ్గర కూర్చోబెట్టి, నుదుటి మీద చెయ్యి పెట్టి, సంఖ్యాకాండంలో అహరోను కొడుకులకు నేర్పిన దీవెన పలుకుతాడు. ఈ ఒక్క పని కోసమే పాస్టరు చదువూ, ఇన్నేళ్ళ సేవా చేశానన్నా సరిపోతుందనుకుంటాడు.

దీనికి ముందు, వరండాలో జాక్ ఒక ప్రశ్న అడుగుతాడు. కొందరు పుట్టుకతోనే నాశనానికి నిర్ణయించబడి ఉంటారా? అడిగేది తన గురించే. ఇద్దరు ముసలి పాస్టర్లు పూర్వనిర్ణయ సిద్ధాంతం చుట్టూ తిరిగి తప్పించుకుంటారు. వేదాంతం చదవని ఏమ్స్ భార్య లైలా మాత్రం మనిషి మారగలడు, ఏదైనా మారగలదు అని తేల్చేస్తుంది. ఎక్కడెక్కడో తిరిగి, వాన కురుస్తున్న పెంతెకొస్తు ఆదివారం నాడు తలదాచుకోవడానికి గుడిలోకి వచ్చిన మనిషి ఆమె. నవల దేవుడి తరఫున ఎంత తక్కువ తీర్పు చెబితే విశ్వాసాన్ని అంత గట్టిగా నేర్పుతుందన్న నా నమ్మకానికి ఈ వరండా సన్నివేశమే పెద్ద ఆధారం. రాబిన్సన్ ఇక్కడ ఎవరినీ గెలిపించలేదు. జవాబు ఎవరి నోటినుంచి వచ్చిందో చూపించారు. జాక్ లైలాకి కృతజ్ఞతలు చెప్పి లేచిపోతాడు. ఎండో కూడా అంతే, క్షమాపణను భ్రష్టుడి చేతుల మీదుగా ఇప్పించారు. రివర్స్‌లో ఈ పని సగం జరిగింది. ఏంజెల్ ఒంటరిగా గడిపిన ఆ మూడేళ్ళు దానికి గుర్తు.

'గిలియడ్'ని తల మీద పెట్టుకుని మిగతా రెంటినీ కింద పెట్టడం నా ఉద్దేశం కాదు. దానికీ ఒక లోపం ఉంది, లేదా ఏమ్స్‌కి ఉంది, ఈ రెంటినీ విడదీయడం తేలిక కాదు. జాక్ దాచిన సంగతి చివర్లో బయటపడుతుంది. అతనికి భార్య ఉంది, కొడుకు ఉన్నాడు. భార్య డెల్లా నల్లజాతి స్త్రీ. వాళ్ళు కాపురం పెట్టిన మిస్సోరీలో చట్టం ఆ పెళ్ళిని ఒప్పుకోదు. అలాంటి చట్టాలను అమెరికా సుప్రీం కోర్టు కొట్టేసింది 1967లో. అయోవాలో ఆ నిషేధం లేదు. ఆ కుటుంబంతో ఈ ఊళ్ళో బతకవచ్చా అని తెలుసుకోవడానికే జాక్ వచ్చాడు. బానిసత్వాన్ని ఎదిరించి తుపాకి పట్టిన ఏమ్స్ తాత లాంటివాళ్ళు స్థిరపరిచిన ఊరది. అదే ఊళ్ళో ఏళ్ళ కిందట నల్లవాళ్ళ చర్చికి ఎవరో నిప్పు పెట్టారు, వాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయారు. ఏమ్స్ ఆ సంగతిని పెద్ద మంట కాదులే అన్నట్టు ఒకటి రెండు మాటల్లో దాటేస్తాడు. నీటి చుక్కలో దేవుణ్ణి చూడగలిగిన కళ్ళు ఆ బూడిదను చూడలేదు. జాక్ అడిగినదానికి అతను భరోసా ఇవ్వలేకపోతాడు. దీవెన ఇచ్చి పంపిస్తాడు.

అందుకే 'గిలియడ్' చదివినవాళ్ళు అక్కడితో ఆపకూడదంటాను. 2008లో రాబిన్సన్ 'హోమ్' రాశారు. అవే రోజులు, అదే ఊరు, ఈసారి కథ బౌటన్ ఇంట్లో, అతని కూతురు గ్లోరీ వైపు నుంచి నడుస్తుంది. జాక్ వెళ్ళిపోయాక ఒక కారు ఆ ఇంటి ముందు ఆగుతుంది. డెల్లా, పిల్లవాడు. భర్త లేడని తెలుసుకుంటుంది, కాసేపు మాట్లాడుతుంది. చీకటి పడేలోగా వెళ్ళిపోవాలని తొందరపడుతుంది, నల్లజాతి కుటుంబానికి ఆ దారుల్లో రాత్రి క్షేమం కాదు కాబట్టి. ఏమ్స్ ఉత్తరంలో ఈ రాక ప్రస్తావన లేదు. 2,250 ప్రసంగాలు విన్న ఊరు అది.